అసర్ తరువాతి గంట పిల్లలది

నూజివీడు చుట్టుపక్కల పుట్టినవాడికి మామిడి చెట్టెక్కడం ఎవరూ నేర్పనక్కర్లేదని మా చిన్నతనంలో పెద్దలు అనేవారు. ఆ మాట ఇప్పుడు చెల్లదని నిరుడు కోతల చివర్లో మాకు తెలిసివచ్చింది.

మక్తబ్‌లో ఖుర్ఆన్ చదువుకునే ఇరవై మంది అబ్బాయిలను వెంటబెట్టుకుని ఊరి బయట తెలిసినవారి తోటకు వెళ్లాము. కోత దాదాపు ముగిసింది. కొమ్మల చివర అక్కడక్కడా చిన్నరసాలు మిగిలి ఉన్నాయి. “ఎవరు ఎన్ని కోసుకుంటే అన్నీ వాళ్లవే” అన్నారు తోట ఆసామి. మా కాలంలో ఆ మాట చెవిన పడితే పిల్లలు క్షణం ఆగేవారు కాదు. ఈ పిల్లలు చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయారు. పదకొండేళ్ల అబ్బాయి ఒకడు ధైర్యం చేసి మొదటి పంగ దాకా ఎక్కాడు. అక్కడి నుండి పైకి పోలేక, కిందికి దిగలేక ఏడుపు ముఖం పెట్టాడు. పోనీ పరుగుపందెం పెడదామని తోట చివరి గట్టు చూపించాము. సగం మంది సగం దూరంలోనే నడుం పట్టుకుని నిలబడిపోయారు. గట్టును తాకి వెనక్కి వచ్చినవారు నలుగురైదుగురే. ఆఖరికి అరవై దాటిన కావలి మనిషే చెట్టెక్కి, చిక్కంతో కాయలు కోసి ఇచ్చాడు. మన పిల్లలు కింద నిలబడి అందుకున్నారు.

ఆ పిల్లలలో రోగిష్టివారు ఎవరూ లేరు. పస్తులుండే ఇళ్ల నుండి వచ్చినవారూ కారు. తజ్వీద్ చక్కగా వచ్చినవారు ఉన్నారు. లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకునేవారు ఉన్నారు. ఒంట్లో సత్తువ మాత్రం లేదు. ఈ లోటుకు బాధ్యులెవరని ఆలోచిస్తూ పోగా, ఆ దారి ఇతరుల ఇళ్లకంటే ముందు మా మక్తబ్ గడప దగ్గరే ఆగింది. ఆ సంగతి దాచకుండా చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

లెక్కలు ఏమంటున్నాయి?

ఇది మన ఒక్క ఊరి గోడు కాదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 28 దేశాలలో రెండున్నర కోట్ల మందికి పైగా పిల్లల పరుగు వివరాలను పోల్చిచూసి 2013లో ఒక విషయం బయటపెట్టారు. ముప్పై ఏళ్ల కిందటి పిల్లలతో పోలిస్తే నేటి పిల్లలకు ఒక మైలు దూరం పరిగెత్తడానికి ఒకటిన్నర నిమిషం ఎక్కువ పడుతోందట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 146 దేశాల లెక్కలు ప్రకటించింది. 2016 నాటికి 11 నుండి 17 ఏళ్ల పిల్లలలో నూటికి 81 మందికి చాలినంత శారీరక శ్రమ లేదని తేలింది. మగపిల్లలలో 78 మంది అయితే ఆడపిల్లలలో 85 మంది. మన దేశంలోనూ దాదాపు నలుగురిలో ముగ్గురిది ఇదే పరిస్థితి.

చాలినంత అంటే ఎంత? అయిదేళ్ల నుండి పదిహేడేళ్ల వరకు పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఒళ్లు కదపాలని ఆ సంస్థ 2020లో సూచించింది. వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలం కలిగించే ఆటలు ఉండాలని కూడా చెప్పింది. ఇది పెద్ద కోరికేమీ కాదు. రోజుకు ఒక్క గంట.

గుండె కూడా కండరమే. పని పెడితేనే అది బలపడుతుంది. ఎముక కూడా ఒంటి బరువును, గెంతును, దూకును భరించినప్పుడే గట్టిపడుతుంది. జీవితాంతం మనల్ని మోయవలసిన ఎముకల బలంలో చాలా భాగం ఇరవై ఏళ్ల లోపే సమకూరుతుంది. చిన్నప్పుడు కూడబెట్టనిది ముసలితనంలో మందుషాపులో కొనుక్కోలేము. నాన్నకు షుగరు, అమ్మకు బి.పి. అని చెప్పుకునే ఇల్లు లేని వీధి మనకు కనబడదు. ఆ రోగాలకు పునాది పడేది నలభయ్యో ఏట కాదు, కదలకుండా కూర్చున్న బాల్యంలోనే.

కళ్ల సంగతి కూడా చూడండి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 పాఠశాలల ఒకటో తరగతి పిల్లలపై ఒక పరిశీలన జరిగింది. సగం బడులలో పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మిగిలిన బడులను మామూలుగానే వదిలారు. మూడేళ్ల తరువాత, మామూలు బడులలో నూటికి 39 మందికి పైగా పిల్లలకు దూరపు చూపు మందగించింది. ఆరుబయట గడిపిన పిల్లలలో ఆ సంఖ్య 30 దగ్గర ఆగింది. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ముస్‌హఫ్ ముందు గంటల తరబడి వంగి కూర్చునే పిల్లల తల్లిదండ్రులకు, ఉస్తాదులకు ఈ సంగతి మరీ అవసరం. ఖుర్ఆన్ చదవవలసిన కళ్లకు పగటి వెలుతురు కూడా కావాలి.

తాలీం అంటే రెండూ

మామిడి తోటల పిల్లలకు ఒకప్పుడు వ్యాయామం అనే మాటతో పనిలేదు. కోతికొమ్మచ్చి ఉండేది. చెట్టు కింద గిరి గీసి, కాలు కింద నుండి కర్రను దూరంగా విసిరేవారు. దొంగ పరిగెత్తి దానిని తెచ్చి గిరిలో పెట్టేలోపు మిగిలినవారంతా కొమ్మల్లోకి చేరాలి. వాడికి చిక్కకుండా దూకి కర్రను తాకాలి. పరుగు, పట్టు, దూకుడు, కంటిచూపు, భయాన్ని అదుపులో పెట్టుకోవడం అన్నీ ఆ ఒక్క ఆటలో ఉండేవి. బిళ్ళంగోడు, చెడుగుడు, బావిలో ఈత సరేసరి. ఖర్చు కానీ కాదు.

తోటలూ మారాయి. కాపు మీద గుత్తకు తీసుకున్న వ్యాపారి కంచె వేస్తున్నాడు. పూత నుండి కోత వరకు మందులు కొడుతూనే ఉంటారు. ఆ రోజుల్లో పిల్లలను తోటలోకి పంపడం మంచిదీ కాదు. కొన్నిచోట్ల పాత చెట్లు కొట్టేసి ఆయిల్‌పామ్ వేశారు. ఆ చెట్టు మీద కోతికొమ్మచ్చి ఎవరాడగలరు? ఊళ్లో ఖాళీ జాగాలన్నీ ఇళ్లయ్యాయి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. అయినా మేడల మీద నడిచే బడులు, మెట్లు తప్ప మైదానం లేని బడులు పట్టణాలలో ఎన్నో మీకే తెలుసు. దీనికి తోడు సెల్‌ఫోన్ వచ్చింది. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు పాఠాల పేరుతో అది పిల్లల చేతికి అందింది. తిరిగి ఇమ్మంటే ఇవ్వడం లేదు. బిడ్డ అన్నం తినాలంటే ఫోన్, ఏడుపు ఆపాలంటే ఫోన్. రెండేళ్ల లోపు పిల్లలకు తెర చూపించనే వద్దని, నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే హెచ్చరించింది. మన ఇళ్లలో ఎవరు పాటిస్తున్నాము?

ఉర్దూలో తాలీం అంటే చదువు. దక్కన్‌లో అదే మాట కుస్తీ గోదాకూ వాడారు. తెలుగులోకి తాలింఖానాగా వచ్చి వ్యాయామశాల అనే అర్థంలో నిలిచింది. అక్షరం నేర్పినవాడూ ఉస్తాదే, కుస్తీ నేర్పినవాడూ ఉస్తాదే. మన పూర్వులు చదువునూ సత్తువనూ ఒకే మాటతో పిలిచారంటే ఆ రెండింటికీ వైరం ఉందని వారు అనుకోలేదన్నమాట. ఆ వైరం మనం కల్పించినదే.

ధర్మం కూడా ఆ మాటే చెబుతోంది. బనీ ఇస్రాయీల్ కోసం అల్లాహ్ తాలూత్‌ను రాజుగా ఎన్నుకున్నప్పుడు, ధనం లేనివాడు రాజెలా అవుతాడని వారు అడ్డు తగిలారు. ఆయనకు జ్ఞానంలోనూ దేహంలోనూ ఆధిక్యం ప్రసాదించబడిందని వారికి జవాబు వచ్చింది. అల్ బఖరా సూరాలోని ఈ సంఘటన (2:247) మనకు తెలియనిది కాదు. అక్కడ జ్ఞానమూ దేహమూ పక్కపక్కనే ఉన్నాయి. బలమైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసికంటే అల్లాహ్‌కు ప్రియమైనవాడని తెలిపే హదీసును ఉలమాలు ముఖ్యంగా విశ్వాసబలం, సంకల్పబలం అనే అర్థంలో వివరించారు. అయితే ఆ సంకల్పాన్ని మోసేందుకు ఒళ్లు కూడా కావాలి కదా! రాత్రంతా నమాజులో నిలిచి, పగలంతా ఉపవాసం ఉండే ఒక సహాబీకి, ఆయన శరీరానికి కూడా ఆయనపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) గుర్తు చేశారు. ఆరాధన విషయంలోనే ఆ హక్కును మరవవద్దని చెప్పినప్పుడు ట్యూషన్ విషయంలో మరవవచ్చా?

సెలవే లేని పిల్లలు

ఇక మా సంగతి. మన పిల్లవాడి దినచర్య ఒకసారి రాసిచూడండి. పొద్దున్నే బడి బస్సు. సాయంత్రం ఇంటికి రాగానే టోపీ పెట్టుకుని మక్తబ్. మగ్రిబ్ కాగానే ట్యూషన్. ఆ తరువాత హోంవర్కు, అన్నం, నిద్ర. సెలవు రోజున ఆడుకుంటాడులే అంటారా? బడికి ఆదివారం సెలవు, ఆ రోజు మక్తబ్ ఉంటుంది. మక్తబ్‌కు శుక్రవారం సెలవు, ఆ రోజు బడి ఉంటుంది. వారంలో ఏడు రోజులున్నా మన బిడ్డకు పూర్తి సెలవు ఒక్కటీ లేదు. దర్జీ షాపులో పనివాడికి ఉన్నపాటి తీరిక చదువుకునే బిడ్డకు లేదు.

ఇరవై ఏళ్లకు పైగా మేము అసర్ నుండి మగ్రిబ్ వరకే మక్తబ్ నడిపాము. మా సౌకర్యం అది. మా ఉస్తాదులూ అలాగే నడిపారు. అయితే వారి కాలంలో పిల్లలకు మరో నాలుగు గంటల ఆట ఉండేది. మేము తీసుకున్నది పిల్లలకు మిగిలిన ఒకే ఒక్క గంట. ఒక అబ్బాయి రోజూ పది నిమిషాలు ఆలస్యంగా, కాళ్లనిండా దుమ్ముతో వచ్చేవాడు. దారిలో ఎక్కడో బంతి కనబడితే ఆగేవాడు. మేము వాడిని గోడవైపు నిలబెట్టేవాళ్లం. “ఆటలు కూడు పెట్టవురా” అని మందలించేవాళ్లం. ఆ రోజు తోటలో గట్టును తాకి అందరికంటే ముందు తిరిగి వచ్చినవాడు ఆ అబ్బాయే. పరిగెత్తుకుంటూ వచ్చి మా ముందు ఆగి, అలవాటు కొద్దీ తల వంచుకుని నిలబడ్డాడు, తిడతామేమోనని. ఆ క్షణంలో మాకు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

ఆ తరువాత మక్తబ్ వేళ మార్చాము. ఫజ్ర్ తరువాత కొంతసేపు, మగ్రిబ్ నుండి ఇషా వరకు కొంతసేపు. అసర్ తరువాత తలుపుకు తాళం. తల్లిదండ్రులు కొందరు నొచ్చుకున్నారు. “మౌల్వీసాబ్, మీరే ఆటలకు పొమ్మంటే ఎలా?” అన్నారు. ట్యూషన్‌కు అడ్డం వచ్చిందని ఇద్దరు పిల్లలను మాన్పించారు కూడా. మిగిలినవారి సబక్ ఏమీ తగ్గలేదు. పిల్లలంతా పహిల్వాన్లు అయిపోలేదు, అది ఒక్క ఏడాదిలో అయ్యేదీ కాదు. చదివేటప్పుడు ఆవలింతలు మాత్రం తగ్గాయి.

మార్కుల భయం

అడ్డుపడే తల్లిదండ్రులను మేము తప్పుపట్టము. వారి భయం మాకు తెలుసు. 2008లో మన ఊరికి ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి మార్కులతో సీటు వస్తుంది. దాని గోడ పక్క నుండి వెళ్లే ప్రతి తండ్రికీ తన బిడ్డ లోపల ఉండాలన్న ఆశ పుడుతుంది. ఆటో నడిపేవాడికీ, మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాడికీ ఆ ఆశ ఉండడం మంచిదే. మన పిల్లలు తప్పక చదవాలి.

అయితే ఈ ప్రాంతపు రైతుకు తెలిసిన విషయం ఒకటుంది. మామిడి మొక్కలు నాటేటప్పుడు మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం వదులుతాడు. ఖాళీ జాగా వృథా పోతోందని అందులో మరో మొక్క నాటడు. నాటితే రెండూ ఎండ కోసం పోటీపడి సన్నగా పైకి సాగుతాయి, కాపు పట్టవు. ఆ ఎడమే తరువాత కాపు అవుతుంది. తోటకు వదిలే ఎడం పిల్లవాడి రోజులో మనం వదలడం లేదు. ఒళ్లు కదిపే పిల్లలకు నిద్ర, మనసు, ఏకాగ్రత కూడా మెరుగవుతాయని వైద్యులు చెబుతున్నారు. ఆ గంట మార్కుల నుండి కోసినది కాదు, మార్కులకు పెట్టిన ఎరువు.

హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడి పంతులు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ స్థాయిని ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ మళ్లీ అందుకోలేదు. నల్లబల్లనూ మైదానాన్నీ ఒకే చేతితో నడిపించిన ఆ ఉపాధ్యాయుడు మనవాడే. మనలో ఎంతమంది తమ పిల్లలకు ఆయన పేరు చెప్పారు?

ఆడపిల్లల మాట

పైన చెప్పిన లెక్కలలో ఆడపిల్లల పరిస్థితి మరీ అన్యాయం. మన ఇళ్లలో పదకొండు, పన్నెండేళ్లు రాగానే “ఇంక గెంతులు మానెయ్” అంటాము. ఎముకలు గట్టిపడవలసిన వయసు సరిగ్గా అదే. రేపు కాన్పుల భారం, ఇంటిచాకిరీ మోయవలసిన ఒంటిని బలపడే కాలంలో మూల కూర్చోబెడుతున్నాము. తరువాత ముప్పై ఏళ్లకే మోకాళ్ల నొప్పులంటే ఆశ్చర్యపోతాము.

హయాకు ఆటకు పొసగదని ఎవరన్నారు? ఒక ప్రయాణంలో తోడున్నవారిని ముందుకు సాగమని చెప్పి దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఆమె గెలిచారు. కొన్నేళ్లకు మళ్లీ పందెం వేసి ఆయన గెలిచారు, పాత పందానికి ఇది చెల్లని నవ్వారు. అబూ దావూద్ గ్రంథంలో ఉన్న ఈ సంఘటనను మనం పెళ్లి ఉపన్యాసాలలో భార్యాభర్తల ప్రేమకు ఉదాహరణగా చెబుతాము. విశ్వాసుల మాత పరిగెత్తగలిగారన్న సంగతి మాత్రం దాటేస్తాము.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయ్యింది. నలుగురూ నాలుగు మాటలన్నా తండ్రి కూతురి వెంట నిలబడ్డారు. ప్రతి ఆడపిల్లా బాక్సింగ్ నేర్వాలని మేము అనడం లేదు. పెరట్లో తొక్కుడుబిళ్ల, డాబా మీద తాడాట, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి సాయంత్రం ఒక నడక, వీటికి ఏ అడ్డు ఉంది? తాడు ఖరీదు ఒక నెల ఫోన్ రీచార్జి కంటే తక్కువ. అమ్మీ కూడా కలిసి గెంతితే ఇంకా మంచిది.

మరో మాట మరవకూడదు. కోతల కాలంలో గంపలు మోసే పిల్లలు, షెడ్డులో పానాలు అందించే పిల్లలు మన బస్తీలలోనే ఉన్నారు. వాళ్లు రోజంతా కదులుతూనే ఉన్నారు కదా అంటే అది సరికాదు. బరువు మోయడం ఆట కాదు. ఆట అంటే ఇష్టం వచ్చినప్పుడు ఆపగలిగేది. ఆ పిల్లలకు ముందు బడి కావాలి, ఆ తరువాత ఈ గంట కూడా కావాలి.

ఏం చేద్దాం?

పెద్ద పథకాలు అక్కర్లేదు. మక్తబ్ నడిపే సోదరులకు మా మనవి ఒకటే: వీలైనచోట అసర్, మగ్రిబ్‌ల మధ్య వేళను పిల్లలకు వదిలిపెట్టండి. చలికాలమైనా, ఎండాకాలమైనా ఆ వేళ గంటకు తగ్గదు. వేసవిలో కూడా అప్పటికి ఎండ చల్లబడుతుంది. మసీదు కమిటీలు ఊళ్లోని ఖాళీ స్థలాలలో దేనినైనా సాయంత్రం పూట పిల్లలకు ఇవ్వగలమా అని స్థానిక ఉలమాలతో కలిసి ఆలోచించాలి. మైదానం లేని బడిలో పిల్లలను చేర్చే ముందు ఫీజు ఎంత అని అడిగినట్టే ఆటస్థలం ఎక్కడని కూడా అడగాలి. పదిమంది తండ్రులు అడిగితే యాజమాన్యానికి వినబడుతుంది. తోటలున్న ఆసాములు కోత అయిపోయి, మళ్లీ పూత మందులు మొదలయ్యే దాకా నెలకు ఒకటి రెండు సాయంత్రాలు పిల్లలను రానివ్వాలి. వెంట ఒక పెద్ద మనిషి ఉంటే చాలు.

తండ్రులకు చివరిగా ఒక చిన్న పని. రెండు వీధుల అవతల ఉన్న మసీదుకు బిడ్డను మోటారు సైకిల్ మీద తీసుకువెళ్లకండి. చేయి పట్టుకుని నడిపించండి. నమాజుకు నడిచే ప్రతి అడుగుకూ పుణ్యముందని మనకు తెలుసు. ఆ పుణ్యాన్ని పెట్రోలు పోసి ఎందుకు పోగొట్టుకోవాలి?

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. వారి ఫీజు కట్టామా అన్నదే కాదు, వారి ఒంటి హక్కు తీర్చామా అన్నదీ రేపు మనం జవాబు చెప్పుకోవలసిన విషయమే. ఈ రోజు జుమా. అసర్ నమాజు అయ్యాక మన పిల్లవాడు ఏం చేస్తున్నాడో ఒకసారి చూడండి. ఫోన్ ముందు కూర్చుని ఉంటే దానిని నెమ్మదిగా తీసుకుని, బయటికి వెళ్లి ఆడుకోమనండి. మగ్రిబ్ అజాన్ వేళకు చెమటతో, దుమ్ముతో తిరిగి వస్తే తిట్టకండి. వుజూ నీళ్లకు ఆ దుమ్ము పోతుంది.

మన బిడ్డలకు జ్ఞానంలోనూ దేహంలోనూ బలాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! వారి గంటను వారికి తిరిగి ఇచ్చే మనసును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.